వైఫై ఉంది, నెట్ లేదు

చాన్నాళ్ళుగా పక్కన పడున్న ట్యాబ్ తీశా. వైఫై గుర్తు నిండుగా ఉంది, కింద మాత్రం "కనెక్టెడ్, నో ఇంటర్నెట్" అని. అదే వైఫై మీద ఫోన్లో వీడియోలు హాయిగా వస్తున్నాయి, అంటే గొడవ ట్యాబ్‌లోనే.

నెట్‌వర్క్ ఫర్గెట్ కొట్టి పాస్‌వర్డ్ మళ్ళీ ఇచ్చా, రౌటర్ ఆపి వేశా, ఊహూ. అప్పుడు కనపడింది తేదీ, 1970 జనవరి 1!

ఛార్జింగ్ లేక చాన్నాళ్ళు పడుంది కదా, గడియారం మొదటికెళ్ళిపోయింది, ఆటోమేటిక్ టైం కూడా ఆఫ్‌లో ఉంది. సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్‌కి (ఆ సైట్ అసలుదేనని చూపే గుర్తింపు కార్డు లాంటిది) ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువుంటుంది, ట్యాబ్ ఇంకా 1970లోనే ఉంటే దానికి అవన్నీ చెల్లనివే, ఇక ఏం తెరుస్తుంది పాపం.

తేదీ, టైం సరిచేయగానే అన్నీ వచ్చేశాయి. ఆ "నో ఇంటర్నెట్" బదులు "తేదీ తప్పుగా ఉంది" అని ఒక్క ముక్క చూపిస్తే ఎన్ని మంచి ట్యాబులు అటకెక్కకుండా ఉండేవో.