ఇంటి మెయిల్ సర్వర్: తెలుగు మెయిళ్లు మాత్రమే ఎందుకు తిరిగి వస్తున్నాయో దొరికింది

ఎట్టకేలకు కారణం దొరికింది! ఒక మిత్రునికి ఆయన పాత విద్యాసంస్థ చిరునామాకు నేను తెలుగులో రాసిన మెయిళ్లు 550 5.7.1 తిరస్కారంతో తిరిగి వస్తుండగా, ఇంగ్లీషులో రాసినవి నిక్షేపంగా చేరుతున్నాయి. అక్కడి మెయిళ్లు ఆయన సొంత మెయిల్‌బాక్సుకు ఫార్వర్డ్ అవుతాయి గనుక ఎస్‌పీఎఫ్ (పంపిన సర్వరుకు ఆ డొమైన్ అనుమతి ఉందా అనే తనిఖీ) తప్పడం సహజమే. డీకిమ్ సంతకం (మెయిల్ దారిలో మారలేదని చూపే డిజిటల్ ముద్ర) నిలిస్తే, ఈ రెంటిలో ఒకటి నెగ్గినా చాలనే డీమార్క్ తనిఖీ గట్టెక్కాలి. కానీ బౌన్సులో (తిరిగి వచ్చిన తిరస్కార మెయిల్‌లో) బాడీ హాష్, అంటే మెయిల్ పాఠం నుంచి లెక్కగట్టి సంతకంలో చేర్చే గుర్తు, సరిపోలలేదని ఉంది.

సంతకపు పద్ధతిని కఠినమైన సింపుల్ నుంచి సడలింపున్న రిలాక్స్‌డ్‌కు మార్చినా ఫలితం లేదు. అది ఖాళీల తేడాలను మన్నిస్తుందే తప్ప అంతకు మించి కాదు. సంతకాన్ని సరిచూసే 2048 బిట్ల కీ డీఎన్‌ఎస్ రికార్డులో తెగిందేమో అనుకుందామంటే, ఇంగ్లీషు మెయిళ్లకూ అదే కీ. తెలుగు సబ్జెక్టుతో ఇంగ్లీషు మెయిల్ పంపితే చేరింది. పూర్తిగా ఇంగ్లీషులో రాసి, ఒక్క ‘₹’ గుర్తు పెడితే తిరిగి వచ్చింది! అంటే బాడీలో ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాలు, అంకెల ప్రాథమిక సమితి) దాటిన అక్షరం ఒక్కటున్నా సంతకం చెడుతోంది.

బౌన్సుకు జతపడిన ప్రతిని, నా సెంట్ ఫోల్డరులోని ప్రతిని పక్కపక్కన పెట్టి చూశాను. నా దగ్గర 8బిట్‌గా ఉన్నది అక్కడ కోటెడ్-ప్రింటబుల్ (ఆస్కీ కాని ప్రతి బైటునూ మూడు ఆస్కీ గుర్తులుగా రాసే పద్ధతి) అయింది; ‘అ’ అనే మూడు బైట్ల అక్షరం ‘=ఈ0=బీ0=85’ అని తొమ్మిది బైట్లకు సాగింది. మెయిల్ సర్వర్లు మాట్లాడుకునే 25వ పోర్టుకు నేరుగా కలిపి ఈహెచ్‌ఎల్‌వో (‘నీకేమేం వచ్చు?’ అని అడిగే పలకరింపు) ఇచ్చి చూస్తే, ఆ సంస్థ గేట్‌వే సైజ్, స్టార్ట్‌టీఎల్‌ఎస్ ప్రకటించింది గాని 8బిట్‌మైమ్ (8బిట్ పాఠాన్ని తీసుకోగలననే ప్రకటన) ఊసెత్తలేదు. అందువల్ల నా సర్వరులో సంతకం చేసే ప్రోగ్రామ్ ఓపెన్‌డీకిమ్ తన పని ముగించిన తరువాత, పంపే చివరి క్షణంలో, మెయిల్ పంపే ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్ బాడీని మార్చి పంపుతోంది. నేరుగా చేరే చోట ఎస్‌పీఎఫ్ కాపాడుతుంది కాబట్టి ఈ లోపం ఇన్నాళ్లూ బయటపడలేదు.

ప్రస్తుతానికి పోస్ట్‌ఫిక్స్‌లో ఈ మార్పిడిని ఆపే సెట్టింగ్ ‘డిజేబుల్_మైమ్_అవుట్‌పుట్_కన్వర్షన్’ పెట్టగానే తెలుగు మెయిల్ చేరింది. అయితే 8బిట్‌మైమ్ ప్రకటించని సర్వరుకు ఎనిమిది బిట్ల పాఠం పంపడం నాకు సమ్మతం కాదు. మరో మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ ఎగ్జిమ్ ఎలాగూ ఈ మార్పిడి చేయదు. నియమం పాటించే పోస్ట్‌ఫిక్సే నా దృష్టిలో మేలు. సంతకానికి ముందే 7బిట్‌లోకి (ఆస్కీ గుర్తులు మాత్రమే ఉండే రూపంలోకి) మార్చాలని డీకిమ్ ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 6376 కూడా సూచిస్తుంది.

ఇక నా సర్వరు నడిచే లినక్స్ రకమైన డెబియన్ 12లోని పోస్ట్‌ఫిక్స్ 3.7ను వదిలి డెబియన్ 13కు మారాలి, ఎందుకంటే సంతకానికి ముందే మార్పిడి చేసే ‘ఫోర్స్_మైమ్_ఇన్‌పుట్_కన్వర్షన్’ 3.9 నుంచే ఉంది. అది కోటెడ్-ప్రింటబుల్‌లోకే మార్చి తెలుగు పాఠాన్ని మూడింతలు చేస్తుంది. బేస్64 (మూడు బైట్లను నాలుగు ఆస్కీ గుర్తులుగా రాసే పద్ధతి) అయితే పెరిగేది మూడో వంతే కనుక, మెయిల్ క్లయింటులోనే బేస్64 ఎంచుకునే దారి వెతకాలి.