గాల్ బ్లాడర్ రాళ్లు: ఆపరేషన్ తేలికే, ఓపీ చీటీయే కొంప ముంచబోయింది

రాళ్లు చేరిన పిత్తాశయాన్ని (గాల్ బ్లాడర్‌ని) లాప్రోస్కోపీలో తీయించుకుని నిన్ననే ఇంటికొచ్చాను. కోతలు నాలుగు: బొడ్డు దగ్గర ఒకటి, రొమ్ము ఎముక కింద ఒకటి, కుడి పక్కన చిన్నవి రెండు. వాటికంటే కుడి భుజం పీకుడే ఎక్కువగా ఉంది. పొట్ట ఉబ్బడానికి లోపలికి పంపిన కార్బన్ డయాక్సైడ్ డయాఫ్రమ్‌ని, అంటే ఊపిరితిత్తుల కింది కండర పొరని గెలకడం వల్ల వచ్చే నొప్పి అది. రెండు మూడు రోజుల్లో పోతుంది. భుజానికి బామ్ రుద్ది లాభం లేదు, లేచి నాలుగడుగులు వేయడమే మందు.

చాలామంది ఈ జబ్బుని గ్యాస్ అనుకుని పాంటోప్రజోల్ మింగుతుంటారు. నూనె వంటకం తిన్నాక పిత్తాశయం ముడుచుకుంటుంది, అప్పుడు రాయి దాని మెడలో అడ్డం పడితే కుడి డొక్క కింద పట్టేసి వీపులోకి పోటు వస్తుంది. రాయి వెనక్కి జారగానే నొప్పి పోతుంది, మాత్ర పనిచేసిందని మనం సంబరపడతాం. నొప్పి గంటల తరబడి వదలకపోయినా, చలిజ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా తెల్లారేదాకా ఆగొద్దు.

స్కానింగ్‌కి ఆరు నుంచి ఎనిమిది గంటలు కడుపు ఖాళీగా ఉండాలి. టీ తాగి వెళ్తే సంచి ముడుచుకుపోయి రాళ్లు సరిగా కనబడవు. మధ్యలో పక్కకి తిరగమంటారు: రాయైతే దొర్లుతుంది, పాలిప్ (లోపల మొలిచే చిన్న కండ) గోడకే అంటుకుని ఉంటుంది. రిపోర్టు రాగానే అందరూ రాయి సైజే చూస్తారు. సీబీడీ, అంటే పిత్తనాళం వెడల్పు కూడా చూడండి. అది 6 మి.మీ. దాటి, రక్తంలో బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా పెరిగి ఉంటే నాళంలోకీ రాయి జారిందేమోనని ఎమ్మార్సీపీ, అంటే పిత్తనాళాలకి ఎమ్మారై స్కాన్ తీయిస్తారు. ఉంటే సాధారణంగా ముందు ఈఆర్సీపీలో, అంటే నోటి గుండా గొట్టం పంపి దాన్ని లాగి, తర్వాత పిత్తాశయం తీస్తారు. ఆవగింజంత రాళ్లే కదా అనుకోవద్దు. నాళంలోకి జారి పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) తెచ్చేది ఎక్కువగా అవే.

చుట్టాల వైద్యం సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కిడ్నీ రాళ్లకని తాగే కొండపిండి ఆకు కషాయాన్ని దీనికీ తాగమంటారు. పిత్తాశయంలో రాయి మూత్రంలో ఎలా పోతుంది, ఆ సంచికి అటు దారే లేదు! ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే పడే పచ్చటి ఉండలు రాళ్లు కావు, ఆ నూనే పేగుల్లో సబ్బులా గడ్డకట్టిన ముద్దలు. ఉర్సోడియాక్సికోలిక్ మాత్రలు చిన్న కొలెస్ట్రాల్ రాళ్లనే, అదీ నెలల తరబడి వాడితే కరిగిస్తాయి. ఆపాక మళ్లీ ఏర్పడొచ్చు. అలాగని నొప్పే లేని రాయికి కత్తి పట్టాలని తొందరపెట్టే వాళ్లనీ నమ్మక్కర్లేదు. వేరే కారణం లేకపోతే చాలామందికి ఆపరేషన్ అవసరం రాదు.

ఇక అసలు కథ. జూనియర్ డాక్టర్ "కడుపు ఇబ్బంది ఎన్నాళ్లుగా?" అంటే, ఎప్పుడైనా పులితేన్పులు వస్తాయి కదా అని "మూడేళ్లుగా అప్పుడప్పుడు" అన్నాను. ఆయన చీటీ మీద "మూడేళ్లుగా పొత్తికడుపు నొప్పి" అని గీకేశాడు. నా ఆరోగ్య బీమా పాలసీకి మూడో ఏడు నడుస్తోంది. పిత్తాశయ రాళ్లకి పెట్టిన రెండేళ్ల వెయిటింగ్ (బీమా డబ్బు ఇవ్వని గడువు) అయిపోయింది. కానీ ఆ ఒక్క వాక్యంతో జబ్బు పాలసీకి ముందే ఉందని బీమా కంపెనీ వాళ్లు క్యాష్‌లెస్ (బిల్లు నేరుగా కంపెనీయే కట్టడం) ఆపేశారు. వీపు వెనక ముడి ఊడిపోతున్న నీలం గౌను, చేతికి క్యాన్యులా, పచ్చి మంచినీళ్లు కూడా లేని కడుపుతో కౌంటర్ ముందు నిలబడితే, ఇన్సూరెన్స్ డెస్క్ కుర్రాడు తలెత్తకుండా "డిపాజిట్ కడతారా, బెడ్ ఖాళీ చేస్తారా" అని పదిమంది వినేలా అడిగాడు. బయట రాళ్ల గురించి సలహాలిచ్చే పెద్దమనిషిని నేను, అక్కడ గౌను పట్టుకుని నిలబడ్డాను.

గట్టెక్కించింది ఒక పాత కాగితం: పాలసీ తీసుకున్నాక ఆఫీసు హెల్త్ చెకప్‌లో తీసిన అబ్డామెన్ స్కాన్, అందులో "గాల్ బ్లాడర్ నార్మల్" అని ఉంది. దానికి సర్జన్ లెటర్‌హెడ్ మీద, అప్పటి ఇబ్బంది అజీర్తి అనీ, రాళ్ల నొప్పి ఇటీవలిదనీ సంతకం, సీలుతో వివరణ రాయించి పంపితే సాయంత్రానికి ఒప్పుకున్నారు. ఉన్న జబ్బుని దాచమని కాదు. లేనిది రాస్తే అక్కడే ఆపి దిద్దించండి, చీటీ ఫొటో తీసుకోండి. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్డీఏఐ ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు, డిశ్చార్జ్ బిల్లుకి మూడు గంటల్లోపు బీమా కంపెనీ తేల్చాలి. ఈ మాట కౌంటర్లో పైకి అనండి, కుర్చీలు కదులుతాయి.

ఆపరేషన్ గురించి చెప్పడానికేం లేదు, మత్తు ఇచ్చారు, లేచాను. కొన్నాళ్లు వేపుళ్లు తగ్గించాలి, బరువులెత్తకూడదు. పిత్తరసం నేరుగా పేగులోకి కారుతుంటుంది కాబట్టి కొందరికి విరేచనాలు పలచనవుతాయి. తీసిన సంచిని బయాప్సీకి పంపుతారు. రిపోర్టు కొన్ని రోజుల తర్వాత వస్తుంది, కుట్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అడిగి తీసుకోండి. రాళ్లని సీసాలో పెట్టి ఇంట్లో అందరికీ చూపించినవాళ్లు కూడా ఆ రిపోర్టుని అక్కడే వదిలేసి వస్తున్నారు.