గన్‌ఫౌండ్రీ గంటల కోసం

ఇరవై ఏళ్లుగా హైదరాబాద్ అబిడ్స్ మీదుగా వెళ్లినప్పుడల్లా గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ (జోజప్ప) కెథడ్రల్ చర్చి గోపురాలను బస్సు కిటికీలోంచి చూడటమే. మేం పూజకు, అంటే మాస్‌కు, వెళ్లేది మా కాలనీ దగ్గరున్న చిన్న గుడికే కాబట్టి లోపలికి వెళ్లే పని పడలేదు. మొన్న ఆదివారం మా పిన్ని వల్ల కుదిరింది. కళ్లు చూపించుకోడానికి ఫిరంగిపురం నుంచి వచ్చిన మనిషి, "జోజప్పగారి గుడికి తీసుకెళ్లరా నాన్నా, ఆ గంటలు ఒక్కసారి వినాలి" అంది.

గన్‌ఫౌండ్రీ అంటే నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోయించిన చోటు. ఆ మాట చెబితే "అయితే మాదీ ఫిరంగే, మీదీ ఫిరంగే" అని మురిసిపోయింది.

ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్లు 1870లో మొదలుపెట్టి, 1875 క్రిస్మస్‌కి తెరిచిన గుడి ఇది. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్, హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల అంతోని గారి పీఠం కూడా ఇదే.

మైకెలాంజెలో చెక్కిన శిల్పానికి నకలు, చనిపోయిన కొడుకును ఒళ్లో పెట్టుకున్న మరియమాత, దాని ముందు మాత్రం చాలాసేపు నిలబడిపోయాం. నేను అప్పటిదాకా ఫొటోల్లో ఆ ముఖమే చూశాను. పిన్ని చెయ్యి చూపించింది. కుడిచెయ్యి కొడుకు చంక కింద గట్టిగా పట్టుకుని ఉంది, ఎడమచెయ్యి మాత్రం అరచెయ్యి పైకి తెరిచి ఖాళీగా ఉంది. "చూడు, ఇంకేం మిగిలిందని అడుగుతోంది" అంది మెల్లగా. నాకు గొంతు పట్టేసింది.

పూజ టైముకి బయటికి వచ్చి గోపురం కింద నిలబడ్డాం. గంటలు ఐదు, 1892లో ఇటలీ నుంచే తెప్పించారు. మొదటిది మోగగానే పిన్ని చెంగు తలమీదకు లాక్కుంది. వాళ్ల ఊళ్లో ఒక్క గంట ఆగి ఆగి మోగితే ఎవరో పోయినట్టట, పొలంలో ఉన్నవాళ్లు కూడా పని ఆపి ఎవరా అని అడుగుతారట, బాబాయి పోయినప్పుడు మోగింది ఇంకా చెవుల్లోనే ఉందట. ఇక్కడ ఒకదాని మీద ఒకటి, ఆటోల హారన్లను దాటుకుని, అన్నీ కలిసి మోగుతున్నాయి. పిన్ని గోడకు చెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది. నేనూ ఆనించాను. రాయి సన్నగా అదురుతున్నట్టే అనిపించింది.

ఆగాక కళ్లు తుడుచుకుని, "పద, ముందు వరసలో కూర్చుందాం" అంది.