అద్దె రసీదుల ఒప్పుకోలు: నా అనుభవం

నిన్న రాత్రి ఆఖరి ఆదాయపు పన్ను రిటర్నుకు ఆధార్ ఓటీపీ కొట్టేశాను. డబ్బు పోయింది. మామయ్య గారికీ నాకూ మధ్య మాటలు ఇప్పుడిప్పుడే కుదుటపడుతున్నాయి. అయినా చాలా కాలానికి కంటినిండా నిద్రపోయాను. వేడి చల్లారకముందే ఇది రాసేయాలి. ‘ప్రభువు నా పాపాన్ని వెలుగులోకి తెచ్చాడు’ అని సాక్ష్యం చెప్పేవాళ్లు మన సంఘాల్లో కొల్లలు. తెచ్చిన తర్వాత ఎవరి ముందు నిలబడాలో, ఎంత కట్టాలో చెప్పినవాళ్లు మాత్రం నాకు తగల్లేదు.

విషయం ఇది. మేము మల్కాజిగిరిలో మామయ్య గారి ఇంట్లోనే పై అంతస్తులో ఉంటాం. ఆయన మా దగ్గర పైసా తీసుకోరు. నేను మాత్రం నెలకు రూ.18,000 అద్దె కడుతున్నట్టు ఆఫీసులో చూపించి, ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు పొందుతూ వచ్చాను. ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ ఇవ్వాలి కాబట్టి ఆయన పాన్ ఇచ్చాను. ఆయన అడగకుండా సంతకాలు పెట్టేవారు. ఆఫీసువాళ్లు రుజువులు అడిగే రోజుల్లో పన్నెండు నెలల రసీదులూ ఒకే సాయంత్రం కూర్చుని రాసేవాడిని. ఒక్కరోజు రాసినట్టు కనిపించకూడదు కదా! ఏప్రిల్‌కు నీలం బాల్ పెన్ను, మే నెలకు జెల్ పెన్ను, జూన్‌కు నల్ల సిరా. రెవెన్యూ స్టాంపులు ఒకటీ అరా కావాలని వంకరగా అతికించేవాడిని. అంత శ్రద్ధ వాక్యధ్యానంలో ఎప్పుడూ పెట్టలేదు.

ఇదే మనిషి సంఘానికి కోశాధికారి. కానుకల లెక్కలో రూపాయి తేడా వస్తే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టిస్తాను. నా హయాంలో ఆడిటరు ఒక్క ప్రశ్న వేయలేదు, అది ఎవరినైనా అడగవచ్చు. దశమభాగం కూడా చేతికొచ్చిన జీతం మీద కాదు, కోతలకు ముందున్న మొత్తం మీద ఇస్తాను.

ఈసారి రసీదుల కాలం, ఈస్టరుకు ముందు జరిగే శ్రమకాల కూడికలు కలిసి వచ్చాయి. మా పాస్టరు అయ్యగారు 139వ కీర్తన తీసుకుని, “దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము” అన్న చోట ఆగారు. “ఈ ప్రార్థన చేసే ముందు ఆలోచించుకోండి, ఆయన నిజంగానే వింటాడు” అన్నారు. నేను రోజూ చేశాను. ఏ కోపమో, చూపుల పాపమో, పక్క సీటువాడి ప్రమోషను మీద అసూయో బయటపడుతుందనుకున్నాను. వాటికి కన్నీళ్లు కూడా సిద్ధంగా ఉంచుకున్నాను. బయటపడింది రసీదుల కట్ట.

మెట్టుగూడలో మెట్రో ఎక్కి రాయదుర్గం వెళ్తూ ఫోనులో బైబిలు చదువుకుంటుంటే యెహోషువ 7వ అధ్యాయం వచ్చింది. ముట్టకూడదన్న యెరికో సొమ్ములోంచి ఆకాను దాచినవి ఒక షీనారు పైవస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మి. డేరా మధ్యలో నేల తవ్వి పాతిపెట్టాడు. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో విన్న కథే. ఈసారి వేరే సంగతి పట్టుకుంది. గోత్రం, వంశం, కుటుంబం, చివరికి మనిషి, ఇలా వలయం బిగుసుకుంటూ వస్తున్నా ఆకాను నోరు విప్పలేదు. పేరు పడ్డాకే ఒప్పుకున్నాడు. పట్టుబడ్డాక చేసే ఒప్పుకోలు అతన్ని కాపాడలేదు.

అకౌంటెంటు దగ్గరికి వెళ్లాను. మా సంఘం మనిషే. నవ్వాడు. “నోటీసు రానివ్వండి, అప్పుడు చూసుకుందాం. అద్దె భత్యం కేసుల్ని తిరగదోడే ప్రత్యేక కార్యక్రమమేమీ లేదని పన్నుల బోర్డే 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది కదా” అన్నాడు. అంటే ఆకాను పద్ధతి. ఈ పనికి మీ సంఘంలో లేని అకౌంటెంటును వెతుక్కోండి. ఫీజు ఎక్కువైనా ఫరవాలేదు, తర్వాతి ఆదివారం మీ వైపు చూసి ముసిముసిగా నవ్వడు.

దారి నేనే కనుక్కున్నాను. ‘అప్‌డేటెడ్ రిటర్ను’ అని ఒకటుంది, 2022 బడ్జెట్‌తో వచ్చింది. తక్కువ చూపిన ఆదాయాన్ని మనంతట మనమే సరిచేసుకుని పన్ను కట్టవచ్చు. మొదట రెండేళ్ల గడువే ఇచ్చారు, 2025లో నాలుగేళ్లకు పెంచారు. పన్ను, వడ్డీ కలిపిన మొత్తం మీద మొదటి ఏడాదిలోనైతే 25 శాతం అదనం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 60, నాలుగో ఏడాది 70. సంఖ్యాకాండం 5వ అధ్యాయంలో మోషే ధర్మశాస్త్రం కూడా ఇదే క్రమం చెబుతుంది: ఒప్పుకోవాలి, అసలు తిరిగి ఇవ్వాలి, దాని మీద ఐదో వంతు కలపాలి. మోషేకు 20 శాతం చాలు, ఢిల్లీకి చాలదు. సువార్తలోని సుంకరి జక్కయ్య తనంతట తానే నాలుగింతలు ఇస్తానన్నాడు కాబట్టి నేను సణగలేదు, అంటే పైకి సణగలేదు. ఆ ఫారంలో ఎందుకు సరిచేస్తున్నారో కారణం ఎంచుకోవాలి. వాటిలో ‘ఆదాయం సరిగ్గా చూపలేదు’ అన్నది నాది. ఇన్నేళ్లుగా ప్రతి ఆదివారం సామూహికంగా చదివే ఒప్పుకోలు ప్రార్థనలో లేని సూటిదనం ఆ ఒక్క గడిలో కనిపించింది.

ఒక మాట చెప్పకపోతే తప్పు పట్టేవాళ్లుంటారు. పాపాన్ని కడిగేది యేసు రక్తమే, చలాను కాదు. డబ్బు కట్టి పవిత్రుణ్ణయ్యానని నేననడం లేదు. కానీ క్షమాపణ దొరికింది కదా అని దొంగసొమ్ము దగ్గర పెట్టుకుని హల్లెలూయ పాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక అసలు ఘట్టం. రసీదుల మీద సంతకం మామయ్య గారిది. ఆయనకు చెప్పకుండా ముగించవచ్చు, చట్టం ప్రకారం ఆయన అనుమతి అక్కర్లేదు. మా ఆవిడ కూడా “నాన్నకు చెప్పి సాధించేదేముంది” అంది. కానీ మనసు ఊరుకోలేదు. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు, మా సంఘంలో పెద్ద. ఆదివారం ఆరాధన అయ్యాక కిందికి వెళ్లి, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చున్నాను.

“మామయ్య గారూ, ఆ అద్దె రసీదుల విషయంలో ప్రభువు నాతో మాట్లాడాడు.”

ఆయన కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు. “ఏమన్నాడు?”

చెప్పాను. ఆకాను దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆయన విన్నారు. “అయితే ఇన్నాళ్లూ నా చేత దొంగ సంతకాలు పెట్టించారన్నమాట” అన్నారు. మామూలుగా నన్ను ‘బాబూ’ అంటారు, ‘నువ్వు’ అంటారు. ఆయనకు కోపం వస్తే అల్లుడికి మర్యాద పెరుగుతుంది. “ఇల్లు ఊరికే ఇచ్చినందుకు నన్ను దొంగల జాబితాలో చేర్చారు. చాలా సంతోషం.”

అలా కాదండీ అన్నాను. కాసేపటికి ఆయనే ఒక మెట్టు దిగారు. “సరే, అంత బాధగా ఉంటే ఆ డబ్బు మందిరం స్లాబుకు ఇవ్వండి. తీసుకునేవాడు లేకపోతే యాజకునికి ఇవ్వమని మీరు చెప్పిన సంఖ్యాకాండంలోనే ఉంది.”

“తీసుకునేవాడు ఉన్నాడు కదండీ, కేంద్ర ప్రభుత్వం.”

అక్కడ ఆగితే సరిపోయేది. ఆగలేదు. మార్కు 7వ అధ్యాయంలోని కొర్బాను సంగతి ఎత్తాను. తల్లిదండ్రులకు చెందవలసింది దేవునికి ఇచ్చేశామని తప్పించుకున్నవాళ్లను యేసు ఎలా గద్దించాడో వివరించాను. అటు నుంచి రోమా 13కు వెళ్లి “ఎవనికి పన్నో వానికి పన్నును” అన్నాను. గొంతు పెరిగింది, చేయి కూడా లేచింది. అత్తయ్య గారు గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. మా ఆవిడ గోడ మీది క్యాలెండరు చూస్తోంది.

ఆయన పూర్తిగా చెప్పనిచ్చారు. తర్వాత మెల్లగా అడిగారు. “మీరు ఒప్పుకోవడానికి వచ్చారా, నాకు ప్రసంగం చెప్పడానికి వచ్చారా?”

నేను మాట్లాడలేదు.

“ఈ సాక్ష్యం ఏ ఆదివారం చెబుదామనుకుంటున్నారు?”

నా ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎందుకంటే ఆదివారం ఎంచుకునే ఉన్నాను. మట్టల ఆదివారం, ఆ రోజు మందిరం నిండుతుంది. మొదటి వాక్యం మెట్రోలోనే అల్లుకున్నాను. కోశాధికారి స్వయంగా లేచి ఒప్పుకుంటే జనం ఎలా నిశ్శబ్దమైపోతారో కూడా ఊహించుకున్నాను. ఎన్నో సాక్ష్యాలు విన్న మనిషి ఆయన, ఒక్క ప్రశ్నతో పట్టేశారు. పన్ను ఎగవేత నాకు తెలిసిన పాపమే, మెట్రోలో తెలిసిందల్లా దాన్ని ఇక దాచకూడదని. ఇది మాత్రం నాకే తెలియకుండా నాలో ఉంది. నిజాయితీపరుడన్న పేరు మీద నాకున్న ఆకలి ఆ రసీదులు రాయడానికీ అడ్డు రాలేదు, వాటిని ఒప్పుకోవడానికీ నన్ను తోసుకొచ్చింది. దావీదు 19వ కీర్తనలో తన పొరపాట్లు కనుక్కోగలవాడెవడు అని అడిగింది ఇలాంటి వాటి గురించే అయి ఉంటుంది.

ఆ రోజు భోజనాల దగ్గర సాంబారు వడ్డించిన చప్పుడు తప్ప మరే మాటా లేదు.

అయ్యగారి దగ్గరికి వెళ్తే రెండే మాటలు చెప్పారు. సాక్ష్యం చెప్పవద్దు, అందులో మీ మామగారి పరువు కూడా ఉంది. మామగారిని రెండుసార్లు క్షమాపణ అడుగు, రసీదులకు వేరు, ప్రసంగానికి వేరు. రెండోది అడగడం మొదటిదానికన్నా కష్టమైంది. పదవికి రాజీనామా చేస్తానంటే, “అది కూడా అందరూ చూడాలనేనా?” అన్నారు. ఈ పెద్దవాళ్లంతా కూడబలుక్కున్నారేమో!

పోర్టల్లో మిగతా పనంతా సాఫీగా సాగింది. ఒక్క జాగ్రత్త: ఒక్కో ఏడాది రిటర్నుకు ఒకసారే ఈ సవరణకు అవకాశం, కాబట్టి అంకెలు సరిచూసుకున్నాకే నొక్కండి. గడువు దాటిపోయిన పాత ఏళ్ల సొమ్మును లెక్కకట్టి ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి పంపాను, దాని మీద పన్ను రాయితీ కోరలేదు.

పోయిన వారం మామయ్య గారు మెట్లెక్కి పైకి వచ్చారు. “వచ్చే నెల నుంచి అద్దె ఇవ్వు బాబూ.”

ఎంతండీ అన్నాను.

“పద్దెనిమిది వేలు. నువ్వే రాశావుగా.”

నేను కొత్త పన్ను విధానంలోకి మారిపోయాను, అందులో అద్దెకు మినహాయింపే లేదు, రసీదు ఎందుకులెండి అన్నాను. ఆయన వినలేదు. రసీదు తానే రాస్తారట, పైగా ఆ ఆదాయాన్ని తన రిటర్నులో చూపించాలట. “నిర్వహణ కింద 30 శాతం తీసేస్తారటగా, నాకు లెక్క చేసిపెట్టడానికి మన సంఘంలో ఆ అకౌంటెంటు నంబరు ఇవ్వు” అన్నారు. వేరే ఎవరినైనా చూద్దామన్నాను.