ఆరడుగుల మూడంగుళాల మనిషికి మొదటి బండి: నా అనుభవం

బండి ఇంటికొచ్చింది. హ్యాండిల్ ఎత్తు పెంచడం, గేర్ లివర్ సర్దడం కూడా అయిపోయాయి. ఇవాళ పొద్దున చాలాసేపు ఆపకుండా నడిపి దిగితే మోకాళ్లు మామూలుగానే ఉన్నాయి. ఆ ఊపులోనే ఇది రాస్తున్నాను. పొడుగ్గా ఉండి మొదటి బండి కోసం వెతుకుతున్నవాళ్లకు సరైన సమాచారం దొరకడం ఎంత కష్టమో నాకు బాగా తెలిసొచ్చింది.

నా ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు, అంటే 190 సెంటీమీటర్లు. గజ్జల దగ్గర్నుంచి నేల దాకా కాలి కొలత 91 సెంటీమీటర్లు. బండి కొనేటప్పుడు మొదటి అంకె కన్నా ఈ రెండోదే ఎక్కువ పనికొస్తుంది. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడుగు, ఇంకొకరికి నడుము పొడుగు ఉంటుంది. ఇద్దరికీ ఒకే బండి సరిపోదు.

లైసెన్సు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రాత పరీక్ష, నడిపే పరీక్ష రెండూ మొదటిసారికే అయిపోయాయి. నెమ్మదిగా మలుపులు తిప్పే చోట చాలామంది కాలు కింద పెట్టేశారు. నేను పెట్టలేదు.

ఇంజిన్ విషయం కూడా తొందరగానే తేలింది. మా అక్క ఎప్పటి నుంచో బండి నడుపుతోంది. "ఒరేయ్, 200 నుంచి 400 సీసీ మధ్యలో చూడు. ఏబీఎస్ ఉండాలి, గట్టిగా బ్రేకేసినా చక్రం బిగుసుకుపోదు. బండి ధరకే డబ్బంతా పెట్టేయకు. హెల్మెట్, జాకెట్, బూట్లు, ఇన్సూరెన్సు, ఏడాది తిరిగేసరికి టైర్లు, చైను... ఇవన్నీ ఉంటాయి" అంది. ఆ మాట మీదే ఉన్నాను. పెద్ద ఇంజిన్ బండికి కొనేటప్పటి ఖర్చుతో సరిపోదు. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, పెట్రోలు, ఏది తీసుకున్నా అదే లెక్క.

కానీ అక్క ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. తన బాధ కాలు నేలకు అందకపోవడం. బండ్ల గురించి ఎక్కడ చదివినా సలహాలన్నీ ఆ బాధ చుట్టూనే తిరుగుతాయి. సీటు తగ్గించుకోండి, ఫోమ్ కోయించండి, ఒక పాదం ఆనితే చాలు అంటారు. కాళ్లు మడిచి పెట్టుకోవడానికి చోటు లేనివాళ్లు ఏం చేయాలో రాసినవాళ్లు చాలా తక్కువ.

కంపెనీలు ఇచ్చే అంకె ఒక్కటే, సీటు ఎత్తు. హోండా రెబెల్ 500కి అది 690 మిల్లీమీటర్లు. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియోర్ 350కి 765, క్లాసిక్ 350కి 805. హీరో ఎక్స్‌పల్స్ 200 4వీకి 825. సుజుకి వీ-స్ట్రోమ్ ఎస్‌ఎక్స్‌కీ బీఎండబ్ల్యూ జీ 310 జీఎస్‌కీ 835. హోండా సీఆర్ఎఫ్ 300ఎల్‌కి 880. ఈ వరుస చూస్తే అంకె ఎంత పెద్దదైతే పొడుగువాళ్లకు అంత మంచిదనిపిస్తుంది. నిజం అది కాదు. సీటు ఎత్తు నేల నుంచి కొలుస్తారు. మన కాళ్లు నడిపేటప్పుడు నేల మీద ఉండవు, పాదాలు పెట్టుకునే కడ్డీల మీద, అంటే ఫుట్‌పెగ్‌ల మీద ఉంటాయి. సీఆర్ఎఫ్ లాంటి మట్టి దారుల బండికి నేలకూ ఇంజిన్ అడుగుకూ మధ్యే 285 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. దాంతో పెగ్‌లు కూడా పైకి పోతాయి. సీటు ఎంత ఎత్తున్నా మోకాలికి దొరికే చోటు అనుకున్నంత ఉండకపోవచ్చు. మీటియోర్ లాంటి క్రూయిజర్లది ఇంకో లెక్క. సీటు కిందికి ఉంటుంది, కానీ పెగ్‌లు ముందుకు ఉంటాయి కాబట్టి కాళ్లు చాచుకోవచ్చు. కాళ్లు అలా ముందుకు పోయినప్పుడు ఒంటి బరువంతా తోకఎముక మీద పడుతుంది, గుంట వస్తే లేచి నిలబడటం కుదరదు.

కాబట్టి మనం చూడాల్సింది సీటుకీ పెగ్‌కీ మధ్య దూరం. ఇది అర్థమయ్యాక జేబులో టేపు పెట్టుకుని తిరిగాను. ఆ టేపు వల్లే ఒకచోట గొడవైంది. ఆ సంగతి రాయకపోతే నా మనసు ఊరుకోదు.

అదొక పెద్ద షోరూం. పేరు రాయను. అడుగుపెట్టగానే ఒక కుర్రాడు ఎదురొచ్చి నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "సార్, మీ పర్సనాలిటీకి ఈ చిన్నవి ఆనవు సార్, మీకు 650 చూపిస్తాను" అన్నాడు. నేను 250 సీసీ బండి చూడాలని చెప్పాను. సరేనని ఎక్కమన్నాడు. ఎక్కాను. వెనక్కి రెండడుగులు వేసి నవ్వి, అవతల ఉన్నవాణ్ణి "ఒరేయ్, ఇటు రా, చూడు" అని పిలిచాడు. వచ్చినవాడు "కొడుకు సైకిలెక్కిన నాన్నలా ఉన్నారు సార్" అన్నాడు. చుట్టూ ఉన్న కస్టమర్లు నవ్వారు. ఎవరో ఫోన్ పైకెత్తారు. దించమని చెప్పాను, దించారు.

ఒకరి పొట్టితనం మీద నలుగురిలో జోకు వేస్తే తప్పని ఇప్పుడు అందరికీ తెలుసు. పొడుగు మీద వేస్తే మాత్రం మెచ్చుకున్నట్టే అనుకుంటారు. బస్సులో మోకాళ్లు ముందు సీటుకి గుచ్చుకుంటుంటే పక్కవాళ్లు నవ్వుతారు, గుమ్మానికి తల తగిలితే నవ్వుతారు. డబ్బు ఖర్చుపెట్టడానికి వచ్చిన మనిషిని కూడా నిలబెట్టి నవ్వితే ఆ మనిషి మళ్లీ ఆ గడప తొక్కడు. ఇది వాళ్లకు ఎవరో ఒకరు నేర్పాలి.

కోపం దిగమింగుకుని, వచ్చిన పని చూసుకుందామని "సీటు నుంచి ఫుట్‌పెగ్‌కి దూరం ఎంత?" అని అడిగాను. "సీట్ హైటా సార్?" అన్నాడు. కాదని వేలితో చూపించాను. వాడికి అర్థం కాలేదు, పక్కవాడికీ కాలేదు. బ్రోషర్‌లో లేదు. నేనే కొలుచుకుంటానని టేపు తీశాను. అది బట్టలు కుట్టేవాళ్లు వాడే మెత్తటి టేపు. అంతలో మేనేజర్ వచ్చి "సార్, డిస్‌ప్లే బండికి టేపు పెట్టకూడదు, పెయింట్ పోతుంది" అన్నాడు. గుడ్డ టేపుకి పెయింట్ ఎలా పోతుందండీ అని అడిగితే "రూల్స్ సార్" అన్నాడు. ఆ రూల్ ఎక్కడ రాసుందో చూపించమన్నాను. చూపించలేదు.

టెస్ట్ రైడ్ అడిగాను. 250 బండి బయటికి వెళ్లిందట, ఎప్పుడొస్తుందో తెలీదట. 650 మాత్రం గుమ్మంలోనే తాళంతో సహా సిద్ధంగా ఉంది. కొత్తగా నేర్చుకున్నాను, మొదటి బండిగా అంత బరువు, అంత శక్తి ఉన్నది నాకొద్దని స్పష్టంగా చెప్పాను. అప్పుడా కుర్రాడు అందరికీ వినిపించేలా "అంత పొడుగుండి భయమెందుకు సార్?" అన్నాడు.

నవ్వు కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తప్పుడు మాట, ప్రమాదకరమైన మాట. ఎత్తుకీ నైపుణ్యానికీ సంబంధమేంటి? నాకు రెండు పాదాలూ నేలకు ఆనుతాయి, ఆగి ఉన్న బండిని పట్టుకోగలను, వెనక్కి నెట్టగలను. అంతవరకే ఎత్తు ఉపయోగం. తడి రోడ్డు మీద మలుపులో యాక్సిలరేటర్ ఎంత తిప్పాలో కుడి మణికట్టు నేర్చుకోవాలి. అది పొట్టివాడికీ పొడుగువాడికీ ఒకే వేగంతో వస్తుంది. నాలాంటి కుర్రాడు ఎవడైనా ఆ మాటకి రోషం తెచ్చుకుని 650 ఎక్కి, ఒక్కసారి మణికట్టు ఎక్కువ తిప్పితే బాధ్యత ఎవరిది? పొడుగువాళ్లకు పెద్ద బండి అనే ఈ నమ్మకం అమ్మేవాళ్లకే లాభం. బండి ఎంత పెద్దగా కనిపిస్తుందో, కాళ్లకు ఎంత చోటు ఉంటుందో, ఇవి రెండూ వేరు వేరు. మోకాలు మడిచి కూర్చోవాల్సిన 650లు ఉన్నాయి, హాయిగా కూర్చోగలిగే 200లు ఉన్నాయి.

బయటికొచ్చేశాను. తర్వాత కూడా అక్కణ్ణుంచి ఫోన్లు వచ్చాయి, లోన్ ఇప్పిస్తామని. ఫోన్ చేసిన అమ్మాయికి జరిగిందంతా చెప్పాను. పాపం, "సారీ సార్" అంది. తప్పు ఆ అమ్మాయిది కాదు.

మనిషన్నవాడు ఎలా ఉంటాడో తర్వాత వెళ్లిన చిన్న షాపులో చూశాను. పెద్దాయన, మెకానిక్. టేపు తీయగానే "పట్టు బాబూ, ఈ కొస నేను పట్టుకుంటా" అన్నారు. చెప్పులతో ఎక్కబోతే ఆపారు. రోజూ నడిపేటప్పుడు వేసుకునే బూట్లతోనే ఎక్కాలట, అడుగు మందం వల్ల కూడా మోకాలి కోణం మారుతుందట. బండిని నిటారుగా పట్టుకుని, రెండు పాదాలూ పెగ్‌ల మీద పెట్టించి, హ్యాండిల్‌ని ఆ చివరి దాకా, ఈ చివరి దాకా తిప్పమన్నారు. "మోకాలికి తగిలిందా? తగిలితే ఈ బండి వద్దు, యూటర్న్‌లో పడతావు" అన్నారు. పొడుగువాళ్లకు ఇంతకన్నా ముఖ్యమైన పరీక్ష లేదు. ఎక్కడికెళ్లినా ఇది చేయకుండా డబ్బు కట్టొద్దు.

మిగతావి నేను చూసుకున్నవి చెప్తాను. సీటులో బాగా లోతుగా ఉన్న చోటు నుంచి పెగ్ పైభాగానికి నేరుగా టేపు పెట్టాలి. నేను ఎక్కిచూసిన వాటిలో అరమీటరు దాటని బండ్ల మీద మోకాలు కాసేపటికే పట్టేసింది. మీ కాలు నాకన్నా పొట్టిదైతే తక్కువైనా సరిపోతుంది. తర్వాత ట్యాంకు పక్కన మోకాలు ఆనే గుంట చూడండి. కాళ్లు పొడుగైతే మోకాలు ఆ గుంట దాటి ముందుకొచ్చి గట్టి అంచుకి తగులుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411కి ట్యాంకు ముందు ఇనుప ర్యాక్ ఉంటుంది. పొడుగువాళ్ల మోకాళ్లకు అది తగులుతోందని ఫిర్యాదులొస్తే 2021 మోడల్‌లో దాన్ని చిన్నది చేశారు. వాడిన హిమాలయన్ కొనాలనుకుంటే 2021 లేదా ఆ తర్వాతి మోడల్ చూసుకోండి. పెద్ద పాదాలున్నవాళ్లు బూటు ముందుభాగం గేర్ లివర్ కింద ఇరుక్కోకుండా దూరుతుందో లేదో కూడా చూడాలి.

బండి దగ్గరికి వెళ్లకముందే ఇంట్లో కూర్చుని వడపోయాలంటే సైకిల్-ఎర్గో అనే సైట్ ఉంది. ఎత్తు, కాలి కొలత ఇస్తే ఆ బండి మీద మోకాలు ఎంత మడుస్తుందో, నడుము ఎంత వంగుతుందో బొమ్మ గీసి చూపిస్తుంది. అదే ఆఖరి మాట అనుకోవద్దు కానీ, వెళ్లక్కర్లేని షోరూంలు మాత్రం చాలా తగ్గుతాయి.

చివరికి నేను తీసుకున్నది ఒకరు వాడిన వీ-స్ట్రోమ్ ఎస్‌ఎక్స్. 249 సీసీ, బరువు 167 కిలోలు, రెండు చక్రాలకూ ఏబీఎస్. ఎక్స్‌పల్స్ కూడా బాగా నచ్చింది. దాని మీద నిలబడి నడపడం ఇంకా హాయి, కానీ నాది ఎక్కువగా తారు రోడ్డు మీద దూరాలు పోయే పని. కొనేముందు ఆ పెద్దాయనతోనే చైను, ఫోర్క్ సీల్స్ (ముందు షాకుల్లోంచి నూనె కారకుండా ఆపేవి), హ్యాండిల్ బేరింగులు చూపించాను. కాగితాల మీద ఫ్రేమ్ నంబరు, బండి మీద నంబరు సరిపోల్చుకున్నాను. ఆ పని సాఫీగా అయిపోయింది.

తర్వాత చేయించిన మార్పులకు పెద్ద ఖర్చు కాలేదు. హ్యాండిల్ కింద రైజర్లు వేయించి పైకి లేపించాను. అవి వేసినప్పుడు క్లచ్ కేబుల్, బ్రేక్ గొట్టం బిగుసుకుంటున్నాయేమో హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడాలి, ఇందులో బద్ధకం వద్దు. గేర్ లివర్‌ని దాని పళ్ల మీద ఒక మెట్టు పైకి తిప్పితే నా బూటు హాయిగా దూరింది. బ్రేక్ పెడల్ కూడా సర్దించాను. నా బరువుకి వెనక స్ప్రింగ్ బిగింపు పెంచారు, దాంతో బండి కూలబడటం తగ్గింది. పెగ్‌లు కిందికి దించే ముక్కలు దొరుకుతాయి కానీ నేను వేయించలేదు. మలుపులో వంగినప్పుడు అవి ముందుగా నేలకు రాసుకుంటాయి. చోటు ఇంకా కావాలంటే సీటుకి ఫోమ్ ఎక్కించుకోవడం మంచి దారి. అలా చేస్తే మళ్లీ నడుము వంగుతుంది, అప్పుడు హ్యాండిల్ కూడా లేపుకోవాలి.

గాలి సంగతి ఇంకా తేలాల్సి ఉంది. చిన్న విండ్‌స్క్రీన్ పై అంచు దాటిన గాలి సుళ్లు తిరుగుతూ పొడుగువాళ్ల హెల్మెట్‌ని నేరుగా కొడుతుంది. పెద్ద స్క్రీన్ పెట్టడం ఒక దారి, అసలు తీసేయడం ఇంకో దారి. తీసేస్తే గాలి ఛాతీకి తగులుతుంది కానీ తల స్థిరంగా ఉంటుంది. ముందు తీసి చూస్తాను, అది డబ్బు లేని పని.

రైడింగ్ ప్యాంటు కొనేవాళ్లకు కూడా ఒక మాట. షాపులో నిలబడి చూసుకుని తెచ్చుకోకండి. కూర్చుని, మోకాళ్లు మడిచి చూడండి. నిలబడినప్పుడు మోకాలి మీద ఉన్న ప్యాడ్ కూర్చోగానే తొడ మీదికి జారిపోతే అది మనకు పనికిరాదు. లోపలి జేబులో ప్యాడ్‌ని కిందికి సర్దుకునే వీలున్న ప్యాంటు, అదీ పొడుగు కాళ్ల సైజులో, అడిగి తెప్పించుకోండి.