నింద హార్మోన్ సూది మీద, తప్పు మోకాళ్ల బిళ్లది: నా అనుభవం

నాకు 61 ఏళ్లు. మాది మునుగోడు దిక్కు, టీచరుగా రిటైరై నల్గొండలో ఉంటున్నా. ఫ్లోరైడ్ బోరు నీళ్లతో పెరిగిన ఒళ్లు, మోకాళ్లు, నడుము ఎప్పుడూ పట్టేసే ఉంటాయి. మా ఊళ్లో నా వయసు వాళ్లలో నొప్పుల బిళ్ల మింగని మనిషి తక్కువ.

రెండేళ్ల కింద నీరసం మొదలైంది. ఒక ల్యాబులో సాయంత్రం నాలుగింటికి రక్తం ఇస్తే టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) 240 వచ్చింది, 300 కంటే తక్కువుందని మూడు వారాలకో సూది మొదలుపెట్టారు. మొదట్లో హుషారనిపించింది, తర్వాత మళ్లీ అదే. ఒకరోజు నీళ్ల బిందె ఎత్తబోతే కళ్లు తిరిగి గడప మీదే కూలబడ్డా. "ఆ సూదుల వల్లే ఇదంతా, ఇగ బంద్ పెట్టండి" అని మా ఆవిడ ఏడ్చింది.

మా అబ్బాయి హైదరాబాద్‌లో హార్మోన్ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. పొద్దున ఎనిమిదింటికల్లా రక్తం ఇవ్వాలి, అందుకని ఐదింటి బస్సెక్కాం. కార్టిసాల్ (జబ్బును, ఒత్తిడిని తట్టుకోవడానికి ఒంటికి కావాల్సిన హార్మోన్) పొద్దున ఎక్కువుండి సాయంత్రానికి పడిపోతుందట, టెస్టోస్టిరాన్ కూడా పరగడుపున, వేర్వేరుగా రెండు రోజులు చూడాలట. నాకేమో సాయంత్రం ఒక్కసారి చూసి సూది వేసేశారు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కార్టిసాల్ 2.6 వచ్చింది, పొద్దున పూటకు చాలా తక్కువట. దాన్ని తయారు చేసే, మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు పని ఆపేసినట్టే అన్నారు. టెస్టోస్టిరాన్ వల్లనేనా, వయసు వల్లనా అని అడిగా. ఆయన కాగితం మీద గీసి చూపించాడు: పని చేయమని చెప్పే హార్మోన్లు పిట్యూటరీ (మెదడు కింది గ్రంథి) నుంచి పోతాయి: వృషణాలకు ఎల్‌హెచ్, అడ్రినల్‌కు ఏసీటీహెచ్. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఇస్తే ఎల్‌హెచ్ తగ్గి వృషణాలు మందగిస్తాయి, ఏసీటీహెచ్ అలా ఆగదు. వయసుతో అడ్రినల్ చేసే డీహెచ్ఈఏ అనే ఇంకో హార్మోన్ బాగా తగ్గుతుంది గానీ కార్టిసాల్ ఇంతగా పడిపోదు.

"ఇంకేం మందులు వాడుతున్నారు సార్?" అన్నాడు. ఏం లేవన్నా. మా అబ్బాయి "బాపూ, ఆ పొట్లం?" అని నా చొక్కా జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. పేపరు ముక్కలో చుట్టిన చిన్న తెల్ల బిళ్లలు, వాటితో కత్తిరించిన స్ట్రిప్ ముక్క, దాని మీద 'డెక్సా' అన్నంత వరకే పేరు మిగిలింది. మోకాళ్లకని ఊళ్లో మూడేళ్లుగా తీసుకుంటున్న బిళ్ల అది, డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ (కార్టిసాల్‌లా పనిచేసే మందు) అని నాకు తెలియనే తెలియదు. అది ఏసీటీహెచ్‌ను అణిచేస్తుంది, టెస్టోస్టిరాన్‌ను కూడా తగ్గిస్తుంది. అంటే నా 240 కూడా దాని పుణ్యమే కావచ్చు!

ఉన్నపళంగా మానేస్తే ప్రాణం మీదికొస్తుందని చెప్పి, దాని బదులు హైడ్రోకార్టిసోన్ (బిళ్ల రూపంలో కార్టిసాల్) పొద్దున 10, మధ్యాహ్నం 5 మిల్లీగ్రాములు రాశాడు. జ్వరమొస్తే రెట్టింపు వేసుకోవాలి, వాంతులై బిళ్ల నిలవకపోతే వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఆ సంగతి రాసిన కార్డు జేబులోనే ఉంటుంది. రక్తం చిక్కబడి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం) 53 దాకా పోవడంతో టెస్టోస్టిరాన్ కూడా ఆపించాడు. గ్రంథులు సొంతంగా ఎంత చేస్తున్నాయో చూడటానికి ముందు రోజు మధ్యాహ్నం డోసు, ఆ పొద్దుటి డోసు ఆపి రక్తం ఇవ్వడం, మళ్లీ బస్సు, మళ్లీ క్యూ. పదకొండో నెలకు కార్టిసాల్ 11 దాటింది, అంటే గ్రంథులు మళ్లీ పని మొదలుపెట్టాయి. టెస్టోస్టిరాన్ రెండు పొద్దుల్లో 345, 360.

మోకాళ్లు ఇంకా నొస్తూనే ఉన్నాయి, ఫిజియోథెరపీకి పోతున్నా. మొన్న ఊరికి పోతే మా పెద్దన్న జేబులో అలాంటి పొట్లమే కనిపించింది. ఒక్కసారిగా బంద్ చేయొద్దని చెప్పి, ఆ పొట్లంతో సహా మర్నాడు ఐదింటి బస్సెక్కించా.