తిట్టు కాని మాట

"ఇంట్లో తెలుగే మాట్లాడాలన్నావు కదమ్మా, మరి 'గే'ని తెలుగులో ఏమనాలి?" అని అడిగింది మా పెద్దది. తెలుగు బడిలో ఏదైనా ఒక భవనం గురించి వ్యాసం రాసుకు రమ్మన్నారు. బ్రూక్లిన్ వంతెన దగ్గర ఏదో ఒకటి రాస్తుందనుకున్నా. అది న్యూయార్క్ మన్‌హట్టన్ వెస్ట్ 13వ వీధిలో 208 నంబరు భవనం పట్టుకొచ్చింది.

ఒకప్పుడది హైస్కూలు. 1980ల మొదట్లో లెస్బియన్, గే సేవా కేంద్రం కోసం నగరం దగ్గర 15 లక్షల డాలర్లకు కొన్నారు. ఎయిడ్స్‌తో కుర్రాళ్లు రాలిపోతున్న రోజులు. 1987 మార్చిలో రచయిత లారీ క్రామర్ అక్కడ మాట్లాడితే, రెండు రోజులకే ఎయిడ్స్ రోగుల కోసం పోరాడే 'యాక్ట్ అప్' సంఘం పుట్టింది. మందులు త్వరగా ఇవ్వండని రోడ్డెక్కింది వాళ్లే. 1989లో చిత్రకారుడు కీత్ హారింగ్ అక్కడి బాత్రూం గోడల నిండా బొమ్మలు వేశాడు. మరుసటి ఫిబ్రవరిలో ఎయిడ్స్‌తోనే పోయాడు, 31 ఏళ్లకు. అది చెబుతుంటే నేను ఒత్తులు దిద్దుతూ కూర్చున్నా. ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాం.

నాకు తెలిసినవి రెండే. పేపర్లో రాసే 'స్వలింగ సంపర్కులు' ఒకటి. అర్థం విడమరిచి చెబితే, "అంతేనా? ప్రేమ లేదా అందులో?" అంది. రెండోది హన్మకొండ కాలేజీలో కాస్త సుకుమారంగా నడిచే ఓ అబ్బాయిని మేమంతా పిలిచిన మాట. నేనూ పిలిచాను, నవ్వాను. సెకండియర్‌కి అతను రాలేదు. ఎందుకని ఒక్కరమూ అడగలేదు. ఆ మాట దానికి చెప్పలేకపోయాను. తెలుగు రావాలని ఏడేళ్లుగా దాని వెంటపడుతున్నదాన్ని, నా తెలుగునే దాని దగ్గర దాచాల్సొచ్చింది.

అమ్మకు ఫోన్ చేసి, ఆడోళ్ల లెక్క ఉండే మగోళ్లను మీరేమనేటోళ్లని అడిగా.

"గాళ్లనా? వేములవాడ రాజన్న గుడికాడ శ్రీరామనవమికి సూడలేదా బిడ్డా? హిజ్రాలు, శివుణ్ణే పెండ్లాడిన శివపార్వతులు తలంబ్రాలు పోసుకుంటరు. నిన్ను సంకనేసుకొని నేనే సూపిచ్చిన."

నాకు ప్రాణం లేచొచ్చింది. చూశావా, మన దగ్గరా చోటుందని బిడ్డకు గొప్పగా చెప్పా. అది వీడియోలన్నీ చూసి వచ్చింది. "బాగుందమ్మా. కానీ నేనడిగింది వేరు. అయినా, పండగ అయిపోయాక వాళ్లెక్కడికి వెళ్తారు?"

హిజ్రాలు ఆడవేషంతో వీధిలో ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చన్న 1919 నాటి చట్టం మన దగ్గర 2023 దాకా ఉంది. తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. ఈ సంగతి కూడా నాకు అదే చెప్పింది.

వ్యాసంలో ప్రస్తుతానికి 'గే' అనే రాసుకుంది. టీచరు తెలుగు మాట అడిగితే ఏం చెప్పాలంటోంది. ఆదివారం ఇవ్వాలి.